ఆమెన్ తర్వాత పడే చెయ్యి

మా మందిరంలో ప్రార్థన ముగిసి అందరం ఆమెన్ అన్నాక నా కళ్ళు ఇప్పటికీ పిల్లల చాప వైపే పోతాయి. అక్కడ ఒక పొడుగాటి మనిషి నడుం వంచి, ఈ చివరి నుంచి ఆ చివరికి పిల్లల తలల మీద చెయ్యి పెట్టుకుంటూ పోతుండాలి. పోయిన నెల నుంచి అక్కడ ఎవరూ లేరు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కళ్ళు తెరిచి చెప్పుల కోసం పరుగెత్తుతున్నారు.

ఆమెను ప్రభువు పిలుచుకున్నాడు. ముందు జ్వరమన్నారు, తర్వాత కిడ్నీలన్నారు, ఆత్మకూరుకీ నెల్లూరుకీ తిప్పారు. అవన్నీ రాయాలని లేదు. ఆమె వరికుంటపాడు వైపు నుంచి వచ్చిందనీ, పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోయాడనీ విన్నాను తప్ప, ఆమె జీవితం గురించి నాకు తెలిసింది తక్కువ. నాకు తెలిసింది ఆమె చెయ్యి, ఆమె గొంతు. వాటి గురించి రాయాలంటే, వాటి నీడలో పెరిగిన ఒక ఆడబిడ్డ గురించి కూడా రాయక తప్పదు.

ఆత్మకూరు బస్సు దిగి చెరువుకట్ట మీద నడిస్తే వచ్చే పల్లె మాది. మగవాళ్ళలో సగం మంది చెరువులో చేపలు పడతారు, ఆడవాళ్ళు నిమ్మతోటల్లో కాయ కోతకి పోతారు. ఊళ్ళో అంగన్‌వాడీ ఉంది గానీ అది తెరిచే వేళకి ముందే కూలీల ఆటో వచ్చి కట్ట మీద హారన్ కొడుతుంది. అందుకని మా సంఘం మందిరం పక్కన రేకుల పంచ ఒకటి దించింది. తల్లులు పోతూ పోతూ పిల్లల్ని అక్కడ వదిలిపోయేవారు. ఆ పంచకి ఆమే తల్లి. నేను సండేస్కూలు చెప్పేదాన్ని, మా ఇల్లు ఆ పక్కదే, కాబట్టి నా పగళ్ళు కూడా చాలావరకు అక్కడే గడిచేవి.

మా పల్లె ఆడవాళ్ళలో ఆమే పొడుగు. మందిరం తలుపు పాతది, పొట్టిది. ఆమె వంగితే గానీ లోపలికి రాలేకపోయేది. "లోపలికి రాకముందే దేవుడికి తల వంచేది ఈ సంఘంలో ఈయమ్మ ఒక్కతే" అని పాస్టరుగారు నవ్వేవారు.

గొంతు కూడా ఆ పొడుగుకి తగ్గట్టే ఉండేది. కూడికల్లో మైకు పెట్టే కుర్రాడు ఆమె పాటకి లేవగానే మైకు వెనక్కి లాక్కునేవాడు. "అక్కా, నీకు మైకిస్తే బాక్సు పగిలిపోతాది. నాకు అద్దె కట్టాల" అనేవాడు. చేపలు పట్టేవాళ్ళు ఆదివారం సాయంత్రం ఆమెతో గొడవ పెట్టుకునేవారు.

"ఏందక్కా, నువ్వు పొద్దన పాట ఎత్తుకుంటే చేపలన్నీ అవతలి గట్టుకి పోతుండాయి."

"అట్టయితే నువ్వు అవతలి గట్టుకి పోయి వల ఎయ్యి. నేను తోలతాను, నువ్వు పట్టుకో" అనేది.

ఆమె అలవాటుగా అనే మాట ఒకటుంది. అన్నం నములుతూ నములుతూ నిద్రపోయే పిల్లవాడితోనూ, హారన్ మీద చెయ్యి తియ్యని ఆటోవాడితోనూ, ప్రసంగం త్వరగా ముగించాలని చూసే పాస్టరుగారితోనూ అదే మాట: "తొందరేముందయ్యా? దేవుడేమన్నా బస్సెక్కి పోతుండాడా?" మేమందరం ఆ మాటని అనుకరించి నవ్వుకునేవాళ్ళం. చిన్నపిల్లలు మాటలు నేర్చుకునేటప్పుడు అమ్మ, అత్త తర్వాత 'బచ్చు' అనేవాళ్ళు, ఆ మాట అంతగా వాళ్ళ చెవిన పడేది.

ఇక చెయ్యి. అన్నానికి ముందు పిల్లలందరినీ కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, చేతులు జోడింపజేసి చిన్న ప్రార్థన చేసేది. ఆమెన్ అనగానే వరసగా ప్రతి తల మీదా చెయ్యి పడేది. దీవెన ఇచ్చేవాళ్ళు పెట్టినట్టు మెత్తగా కాదు. వండిన కుండ మీద మూత సరిగా కూర్చుందో లేదో చూసుకుంటున్నట్టు, అరచెయ్యి మొత్తం ఆనించి, ఒకసారి అదిమి తీసేది. అది ఎందుకని అడిగితే, "దేవుడికి చెప్పింది కారిపోకుండా మూత పెడతా ఉండా" అంది. ఆదివారం మందిరంలో కూడా అంతే. ఆ చెయ్యి పడితేనే ప్రార్థన అయినట్టు పిల్లలకి లెక్క.

ఇంకొక అలవాటు. ఈ అలవాటు కోసమే తల్లులు ఆమెను ప్రేమించేవారు. పిల్లల మొదటి అడుగు, మొదటి మాట చాలావరకు ఆ పంచలోనే పడేవి, ఎందుకంటే పగలంతా వాళ్ళు ఉండేది అక్కడ. కానీ ఆమె ఆ సంగతి తల్లికి చెప్పేది కాదు. నన్ను కూడా చెప్పనిచ్చేది కాదు. ఒక పిల్లవాడు గోడ వదిలి గడపదాకా నడిచి వచ్చినప్పుడు నేను సంతోషం పట్టలేక వాళ్ళమ్మకి చెప్పబోతే నా మోచెయ్యి గిల్లింది.

"గమ్మునుండు చెల్లీ. ఎండలో చచ్చి చెడి వస్తుండాది ఆ తల్లి. ఇంటికాడ దాని ముందర నడవనీ. మొదటిసారి అనుకోనీ."

మర్నాడు ఆ తల్లి ఆటో ఎక్కే ముందు పరుగెత్తుకుంటూ వచ్చి, "అక్కా, రాత్రి మావాడు నడిచినాడు!" అంటే, ఈమె నోటి మీద చెయ్యి వేసుకుని, "అవునా! ఎప్పుడు? ఎట్టా నడిచినాడు, చూపించు" అని కొత్తగా విన్నట్టు అడిగేది. అబద్ధమాడటం తప్పు కదా అన్నాను ఒకసారి. "నేనేమీ చెప్పలేదే. అడిగినానంతే" అంది. కొన్నాళ్ళకి ఈ సంగతి తల్లులందరికీ తెలిసిపోయింది. తెలిసినా ఎవరూ బయటపెట్టలేదు. అక్క దాస్తుంది, మనం ఇంట్లో చూసుకుంటాం, అదొక ఒప్పందంలా నడిచిపోయింది.

ఆ ఆడబిడ్డ ఆ పంచకి వచ్చేటప్పటికి ఇంకా పాకుతోంది. వాళ్ళమ్మ బాగా చిన్నది, తొలి కాన్పు. భర్త చెరువులో వల వేస్తాడు, ఆమె నిమ్మకాయ కోతకి పోతుంది, చేతుల నిండా ముళ్ళ గీతలుండేవి. దించిన చోట దించినట్టే కూర్చుని, ఎదుటివాళ్ళ ముఖాన్ని ఆ పాప చూసే చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. పసిబిడ్డలు ముఖాన్ని చూసి వదిలేస్తారు. ఈ పాప వదిలేది కాదు. మన పెదవులు, కనుబొమ్మలు, చేతులు, అన్నిటినీ తిప్పి తిప్పి చూసేది.

"దీనికి కళ్ళతోనే ఆకలి" అనేది అక్క.

పాప అన్నిట్లోనూ ముందుండేది. తోటి పిల్లలు కొబ్బరి చిప్పలు నోట్లో పెట్టుకునే వయసులో ఈమె వాటిని చిన్నది లోపల, పెద్దది బయట వచ్చేలా సర్దేది. గౌను గుండీలు తానే పెట్టుకునేది. ఎవరి చెప్పులు ఎవరివో ఆమెకి తెలిసినట్టు మాకు తెలియదు. సాయంత్రం ఆటో కట్ట ఎక్కగానే దుమ్ము లేచేది. ఆ దుమ్ము కనిపించిన మరుక్షణం లేచి ఎవరి చెప్పులు వాళ్ళ ముందు పెట్టేది. పాటలు పాడిస్తే చేతుల అభినయం అందరికంటే చక్కగా చేసేది, రవ్వంత ఆలస్యంగా. "ముందు చూసుకుంటాది, తర్వాత చేస్తాది. మన మాదిరి తొందర మనిషి గాదు" అని అక్క మురిసిపోయేది. పాటకి పెదవులు కూడా కదిలించేది. గొంతు మాత్రం వచ్చేది కాదు. నవ్వు గట్టిగానే నవ్వేది, ఏడుపు గట్టిగానే ఏడ్చేది. కాబట్టి గొంతు ఉంది, మాటే రాలేదు అనుకున్నాం.

వాళ్ళమ్మకి దిగులు మొదలైంది. పాప కంటే వెనక పుట్టిన పిల్లలు 'అమ్మా, దా' అంటున్నారు. ఒక సాయంత్రం ఆటో దిగి, నిమ్మకాయల సంచి గడప మీద పెట్టి అడిగింది.

"అక్కా, మాది ఇంకా మాట్లాడలేదే."

"మాటలు యాడికి పోతాయిమే? తొందరేముంది? దేవుడేమన్నా బస్సెక్కి పోతుండాడా?"

"మా అత్త ఒకటే పోరతా ఉండాది. వినపడదేమో అంటాది."

"మీ అత్తకి వినపడదు. ఆమె కాడ నేను అరిచి అరిచి చస్తుండా. ఉండు, ఇప్పుడే చూద్దాం."

పాప చాప మీద మిగతా పిల్లలతో చిప్పలు పేర్చుకుంటోంది, మాకు వీపు పెట్టి. అక్క లోపలికి పోయి స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చి, పాప వెనక నిలబడి ఠంగుమని కొట్టింది. పాప చటుక్కున తిరిగి చూసింది. అక్క గరిటె పైకెత్తి, "చూసినావా? ఇంకా అనుమానమా? మీ అత్తని పిలువు, ఆమె చెవి కాడ కూడా కొడతాను" అంది. తల్లి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పళ్ళెం మోతకి చాప మీది పిల్లలందరూ ఒక్కసారే తిరిగారనీ, పాప వాళ్ళ తలలు తిరగడం చూసి తిరిగిందనీ మాలో ఎవరికీ తోచలేదు.

ఆ తల్లి పోతూ పోతూ ఆగింది. కొంగు వేలికి చుట్టుకుంటూ, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, నువ్వు దాస్తావని అందరికీ తెలుసు. ఇక్కడ ఏమన్నా అనిందా అది? నాకు మాత్రం దాచబాక. ఒక్క మాట అని ఉన్నా చాలు."

అక్క ఏమీ చెప్పలేదు. తల్లులు ఎవరు అడిగినా ఆమె చేసేది ఒకటే, పెదవులు బిగబట్టి నవ్వడం. అదే చేసింది. ఆ నవ్వు చూసి తల్లి ముఖం విప్పారింది. అర్థమైపోయిందన్నట్టు తల ఊపి, పాపను చంకన వేసుకుని కట్టెక్కింది. ఆ రాత్రి నుంచి ఆమె ఇంట్లో ఆ మాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. పంచలో ఇప్పటికే అనేసిన మాట, ఇంటికాడ ఎప్పుడంటుందా అని.

మందిరంలో ఆ పాపకి ఒక పేరు వచ్చింది. ఆదివారం ప్రార్థన సాగుతున్నంతసేపూ కొంగులు కప్పుకున్న పెద్దవాళ్ళే కళ్ళు తెరిచి గడియారం చూస్తారు. ఈ పాప కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు జోడించి, పెదవులు మాత్రం కదిలిస్తూ కూర్చునేది. అందరూ ఆమెన్ అన్నా కదిలేది కాదు. అక్క వరసగా వచ్చి ఆమె తల అదిమాకే కళ్ళు తెరిచేది. "మా చిన్న ప్రార్థనాపరురాలు" అన్నారు పాస్టరుగారు. అక్క సాక్ష్యానికి లేచి, "ఈ బిడ్డ ఆమెన్ తర్వాత కూడా దేవుణ్ణి వదిలిపెట్టదు. మనం నోటితో అరస్తాం, ఇది లోపల మాట్లాడుకుంటా ఉండాది" అని ఆ పెద్ద గొంతుతో చెప్పింది. సంఘమంతా స్తోత్రమంది. అప్పటినుంచి ఆరాధన అయ్యాక ముసలమ్మలు ఆ పాప ముందు కూర్చుని, "నా మోకాలి నొప్పికి ప్రార్థన చెయ్యి తల్లీ", "మావాడికి కువైట్ వీసా రావాలని చెప్పు తల్లీ" అని అడిగేవారు. పాప వాళ్ళ పెదవులు చూసేది, వాళ్ళు చేతులు జోడించడం చూసేది, తానూ జోడించి కళ్ళు మూసుకునేది. వాళ్ళు కళ్ళు తుడుచుకుని లేచిపోయేవారు. వెనక అక్క వచ్చి తల తాకేదాకా పాప అలాగే ఉండేది.

బైబిలు వాక్యంలో ఒక స్త్రీ ఉంది. దేవాలయంలో పెదవులు మాత్రమే కదిలిస్తూ ప్రార్థిస్తుంటే, ముసలి యాజకుడు చూసి తాగి ఉందనుకున్నాడు. ఆ భాగం మీద నేను సండేస్కూల్లో ఎన్నోసార్లు చెప్పాను, చూసినవాడు తప్పు చదివాడని చెప్పాను. మేము ఆ యాజకుడికి తిరగేసిన తప్పు చేస్తున్నామని ప్రభువు మాకు ఎందుకు తెలియనివ్వలేదో నేను ఆయన్ని ఇంకా అడుగుతూనే ఉన్నాను.

అక్కకి కంటి పొర ఆపరేషను చెయ్యాల్సి వచ్చి నెల్లూరు పోయింది. పంచ నాకు అప్పగించింది. పాపకి నాలుగు దాటి ఐదు నడుస్తోంది అప్పటికి. మధ్యాహ్నం పప్పన్నం కలిపి పళ్ళేల్లో పెట్టి, పిల్లల చేత కళ్ళు మూయించి ప్రార్థన చేశాను. ఆమెన్ అన్నాను. తలలు తాకడం నా అలవాటు కాదు. పిల్లలు అన్నం మీద పడ్డారు.

పాప కదల్లేదు. చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిలిస్తూ కూర్చుంది. పిలిచాను. పలకలేదు. దేవుడి సముఖంలో ఉన్న బిడ్డని కదిలించడానికి నాకు ఏ అధికారం ఉంది అనుకుని, నేనూ కొంగు కప్పుకుని ఆమె ఎదురుగా మోకరించాను. పిల్లలు తిని చేతులు కడుక్కున్నారు. ఒక కోడి లోపలికి వచ్చి పాప పళ్ళెంలో అన్నం పొడుచుకుని తింది. పాప మూసిన రెప్పల కింద కళ్ళు అటూ ఇటూ కదులుతున్నాయి. గడ్డం వణకడం మొదలైంది. అప్పటికీ నేను దాన్ని ఆత్మ కదలికే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు అక్క వచ్చింది. బస్సు దిగి నేరుగా పంచకే వచ్చినట్టుంది, కంటికి నల్లద్దాలు, చేతిలో మందుల కవరు. గడప దగ్గర వంగబోయి ఆగిపోయింది.

"ఎంతసేపటి నుంచి అట్టా ఉండాది?"

"ప్రార్థన దగ్గర్నుంచీ. పిలిచినా లేవలేదక్కా. ఎంత లోతుగా..."

"గమ్మునుండు."

ఆమె పాప వెనకకి పోయి నిలబడింది. పేరు పెట్టి మెల్లిగా పిలిచింది, తర్వాత గట్టిగా. కవరు జారి మందుల సీసా బండ మీద పగిలింది. పిల్లలు ఉలిక్కిపడ్డారు. పాప ఉలిక్కిపడలేదు. అక్క నల్లద్దాలు తీసేసింది. చెయ్యి చాచి పాప తల మీద పెట్టి అదిమింది. పాప కళ్ళు తెరిచి, వెనక్కి తిరిగి, తల బాగా పైకెత్తి ఆమెను చూసి, రాబోయిన ఏడుపు ఆపి నవ్వింది.

అక్క ఆమె ఎదుట కూర్చుని, తాను చేతులు జోడించి కళ్ళు మూసుకుని చూపించింది. పాప కూడా మూసుకుంది. అక్క చప్పుడు లేకుండా లేచి, రెండడుగులు వెనక్కి వేసి, ఆ గొంతు ఎత్తింది. పాట కాదు, ప్రార్థన కాదు. వట్టి కేక. అంత కేక నేను ఆమె నోట ఎన్నడూ వినలేదు. చెరువులో వల లాగుతున్నవాళ్ళు ఏమైందోనని వల వదిలి కట్ట మీదికి పరుగెత్తి వచ్చారు. పిల్లలు హడలిపోయి నన్ను పట్టుకున్నారు.

పాప చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, బుద్ధిగా కూర్చుంది. చెయ్యి కోసం.

"నా చెయ్యే అడ్డం పడింది చెల్లీ" అంది అక్క కింద కూలబడి. "ఇన్నాళ్ళూ నా చెయ్యే అడ్డం పడింది."

సాయంత్రం తల్లి ఆటో దిగినప్పుడు అక్కే ఎదురుపోయి చెప్పింది. కట్ట మీద, అందరి ముందరా. ఆ తల్లి తిట్టలేదు, జుట్టు పట్టుకోలేదు. విన్నదాన్ని లోపల ఎక్కడో సరిచూసుకుంటున్నట్టు ఒకే మాట అడిగింది.

"అయితే నువ్వు దాచి పెట్టిండేది ఏమీ లేదా అక్కా?"

అక్క తల అడ్డంగా ఊపింది.

"నేను అది నీ కాడ మాట్లాడిందనుకున్నానే. అందుకే గమ్మునుండినాను."

నెల్లూరులో డాక్టరు, ముందే తీసుకురావాల్సింది, చెవి మాటలు పట్టుకునే వయసు చాలావరకు దాటిపోయింది అన్నాడట. ఆపరేషను చేసినా ఎంతవరకు ఉపయోగమో చెప్పలేమన్నాడట. చెవికి మిషను ఇచ్చారు. దాంతో డప్పు లాంటి మోతలు తగులుతాయి గానీ మాట మాటగా తెలియదు. తిరిగి వచ్చాక తల్లి పాపను పంచకి తీసుకురాలేదు. కొన్నాళ్ళకి కూలి మానుకుంటే జరగక, మళ్ళీ తెచ్చి వదిలింది. అక్కతో మాట్లాడేది కాదు. గడప దగ్గర పాపను దించి, నా వైపు చూసి, "వదినా, చూసుకో" అని పోయేది.

సంఘంలో పెద్దలు అక్కను ఓదార్చబోయారు. అంతా దేవుని చిత్తం అన్నారు. ఆమె చప్పున లేచింది.

"ఆయన మీద ఎయ్యబాకండి. నాకు కళ్ళిచ్చినాడు, చూడమన్నాడు. నేను చూసింది నాకు ముద్దొచ్చింది. అది కూడా ఆయన చిత్తమేనా?"

నేను విశ్వాసిని, ఆయన చిత్తం లేకుండా ఏదీ జరగదని నమ్మేదాన్ని. ఆ రోజు మాత్రం ఆమె చెప్పిందే ఆయన పక్షాన చెప్పిన మాట అనిపించింది.

ఆ తర్వాతి ఆదివారం పాట ఎత్తుకునేటప్పుడు మందిరంలో ఏదో ఊడిపోయినట్టయింది. వెనక్కి తిరిగి చూశాను. అక్క నిలబడే ఉంది, కొంగు కప్పుకుని, పెదవులు కదిలిస్తోంది. గొంతు లేదు. ఆ ఆదివారమే కాదు, పోయేదాకా ఆమె గొంతెత్తి పాడలేదు. ఏమక్కా అంటే, "నా గొంతు చూసుకొని చానా మురిసినాను" అని ఊరుకుంది. చేపలు పట్టేవాళ్ళు కూడా ఆమెతో హాస్యాలు మానేశారు. తొందరేముంది అనే మాట కూడా మళ్ళీ ఆమె నోట రాలేదు. ఏ పిల్లవాడు కాస్త ఆలస్యంగా నడిచినా, ఆలస్యంగా పలికినా, ఆమే చంకన వేసుకుని ఆత్మకూరు బస్సెక్కేది. తల్లులు విసుక్కున్నా వినేది కాదు. మొదటి అడుగులు, మొదటి మాటలు దాచడం కూడా మానేసింది. సాయంత్రం ఆటో రాగానే, పొద్దున్నుంచి చూసిందంతా చూసినట్టు చెప్పేసేది. తల్లుల ముఖాల్లో పాత మెరుపు ఉండేది కాదు. ఆమె అది చూసేది, అయినా చెప్పేది.

ప్రభువు ఒక చెవిటివాణ్ణి జనం నుంచి పక్కకి తీసుకుపోయి, చెవుల్లో వేళ్ళు పెట్టి, ఆకాశం వైపు చూసి నిట్టూర్చాడని సువార్తలో ఉంది. పాస్టరుగారు ఆ భాగం చదివి పాప కోసం సంఘమంతటి చేతా ప్రార్థన చేయించారు. ఆ తర్వాత, పిల్లలు నిద్రపోయే మధ్యాహ్నం వేళల్లో, పంచ వెనక గోడ నీడలో, అక్క పాప చెవుల్లో తన చూపుడు వేళ్ళు పెట్టి పైకి చూస్తూ కూర్చోవడం నేను చూశాను. ఒకసారి కాదు. పాప దాన్ని ఆటనుకుంది. తన చిన్న వేళ్ళు రెండూ ఎత్తి ఆమె చెవుల్లో పెట్టింది. అక్క చెవులు అందడానికి పాప మోకాళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది. ఇద్దరూ అలా ఒకరి చెవుల్లో ఒకరు వేళ్ళు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. లోకంలోని చప్పుడంతా ఇద్దరికీ ఆగిపోయింది. నేను పక్కకి తప్పుకున్నాను. ఆ చెవులు తెరుచుకోలేదు. ఆయన చెయ్యగలడని నేను నమ్ముతాను. చెయ్యలేదు.

పాపను నెల్లూరులో చెవిటి పిల్లల బడిలో, హాస్టల్లో వేశారు. ఇప్పుడు పెద్దదయింది, చేతులతో చకచకా మాట్లాడుతుంది. సెలవులకి వచ్చి మందిరానికి వస్తే, ఇప్పుడు ప్రార్థనలో ఒక కన్ను ఓరగా తెరిచి చూసుకునే తెలివి వచ్చింది. అందరూ కదిలితే తానూ కదులుతుంది. ఎవరూ ఆమెను ప్రార్థనాపరురాలు అనరు. అయినా అక్క వరసలో వచ్చి ఆ తల మీద చెయ్యి పెట్టేది, పాప పెద్దదైనా సరే. తల్లి చూసి ముఖం తిప్పుకునేది.

అక్క భూస్థాపన చెరువు పక్కనే ఉన్న సమాధుల దొడ్లో జరిగింది. తల్లి హాస్టలు నుంచి పాపను తీసుకొచ్చింది. తీసుకొస్తుందని నేను అనుకోలేదు. గుంట పక్కన పిల్లల్ని ముందు నిలబెట్టారు, పాప నా ముందు నిలబడింది. పాస్టరుగారు వాక్యం చదివి ప్రార్థన చేశారు. పాప రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది. ఓర చూపు లేదు. ఆమెన్ అన్నాం. మనుషులు వంగి పిడికెళ్ళతో మట్టి తీసుకుని వేయడం మొదలుపెట్టారు. పెట్టె మీద మట్టి పడే చప్పుడు వస్తోంది. పాప చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిలిస్తూ నిలబడింది.

ఎవరో ఒకరు తాకాలి. నేను చెయ్యి ఎత్తాను. తల్లి నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు వదినా. ఉండనీ. ఎంతసేపు ఉంటాదో ఉండనీ."

ఆ మాట విని పారలు పట్టుకున్నవాళ్ళు ఆగిపోయారు. తర్వాత మిగతావాళ్ళు కూడా. ఆమెన్ అయిపోయాక సంఘమంతా పిడికిట్లో మట్టి పెట్టుకుని ఒక బిడ్డ ప్రార్థన ముగియడం కోసం ఎదురుచూసింది. ఎండ చెరువు నీళ్ళ మీద కదులుతోంది. తల్లి నా మణికట్టు వదల్లేదు.

చివరికి పాప తానే కళ్ళు తెరిచింది. గుంట వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, తల బాగా పైకెత్తి చూసింది. వెనక ఉన్నది నేనే. ఆమె చూసింది నన్ను కాదు, నా తలకి జానెడు పైన.